ఈ ఎండాకాలం గల్ఫ్‌లో ఎలా ఉండబోతోంది? తీరం మేలా, ఎడారి మేలా?

నీడకోసం | 2025 మే 26, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నాది ఏసీ డక్టింగ్ పని. ఎమిరేట్స్‌కు వచ్చి రెండేళ్లు. ఇన్నాళ్లూ బిల్డింగుల లోపలే పని కాబట్టి ఎండ పెద్దగా తగల్లేదు. జూన్ నుంచి బయటి పని. కంపెనీ రెండు సైట్లు చూపించి ఏది కావాలో చెప్పమంది. ఒకటి రువైస్ దగ్గర, సముద్రం పక్కనే. రెండోది సుయిహాన్ దాటాక, చుట్టూ ఇసుక తప్ప ఏమీ ఉండదట.

మొన్న శనివారం సుయిహాన్‌లో 51.6 డిగ్రీలని వార్త చూశాక ఇంకేం ఆలోచించేది, రువైస్ అని చెప్పేద్దామనుకున్నాను. మా రూమ్‌లో ఉండే పెద్దాయన మాత్రం "తొందరపడకు, ఆగస్టులో సముద్రం పక్కన ఉండి చూడు" అన్నాడు. ఎందుకని అడిగితే నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. శుక్రవారం లోపు చెప్పాలి. టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

---

ట్యాంకర్ స్టీరింగ్ | మే 26, రాత్రి 10:05

నేను నీళ్ల ట్యాంకర్ తోలతాను. రెండు వైపులా తిరుగుతాను. మీ పెద్దాయన చెప్పింది నిజం. ఇసుక వైపు మధ్యాహ్నం బండి దిగితే ముఖానికి పెనం పెట్టినట్టుంటుంది. తీరం వైపు రాత్రి పదకొండింటికి బండి దిగితే ఎవరో తడి దుప్పటి కప్పి మీద కూర్చున్నట్టుంటుంది. నన్ను అడిగితే పెనమే నయం.

---

థర్మామీటర్ | మే 26, రాత్రి 10:31

51.6 ఏంటండీ, ఆ రోజు నా బండిలో 57 చూపించింది, ఫోటో కూడా ఉంది. అసలు అంకె ఎవరూ చెప్పరు. 50 దాటితే పని ఆపి సెలవు ఇవ్వాలని రూలు ఉంది కాబట్టి ఎప్పుడూ 49 దగ్గర ఆపేస్తారు.

---

కువైట్ దుమ్ము | మే 26, రాత్రి 10:44

ఆపేస్తే మరి 51.6 ఎలా చెప్పారు సార్?

---

గాలివాటం | మే 27, ఉదయం 6:15

ముందు థర్మామీటర్ గారి సంగతి. ఎండలో నిలబడిన బండి చూపించేది గాలి వేడి కాదు. అందులో రోడ్డు సెగ, ఇంజిన్ సెగ, రేకు సెగ అన్నీ కలుస్తాయి. వాతావరణ కేంద్రాలు నీడలో, గాలి ఆడే తెల్ల పెట్టెలో, నేలకు ఒకటిన్నర మీటరు అటుఇటు ఎత్తున కొలుస్తాయి. ప్రపంచమంతా అదే పద్ధతి. అలా కొలిచిన లెక్కల్లో ఆసియాలో అన్నిటికన్నా ఎక్కువ కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న వచ్చింది. మొదట 54 అన్నారు. ప్రపంచ వాతావరణ సంస్థ పరికరంతో సహా పరీక్షించి 2019లో 53.9 అని తేల్చింది. అంకెలు దాచేవాళ్లు పదో వంతు డిగ్రీ కోసం మూడేళ్లు పంచాయితీ పెట్టుకుంటారా?

ఇక ఈ ఎండాకాలం. ఏప్రిల్‌లోనే ఎమిరేట్స్‌లో సగటు పగటి గరిష్ఠం 42.6 వచ్చింది. 2003 నుంచి ఉన్న లెక్కల్లో ఏ ఏప్రిల్‌లోనూ అంత లేదు. మే 23న 50.4, మర్నాడు సుయిహాన్‌లో 51.6. రోహిణి కార్తె రాకముందే రోళ్లు పగిలాయన్నమాట. సీజన్ అంచనా మ్యాపుల్లో గల్ఫ్ మీద ఎర్ర రంగు పడని ఏడు ఈమధ్య నేను చూడలేదు. కానీ ఆ ఎరుపు చెప్పేది చాలా కొంచెం. మామూలు కన్నా తక్కువ, మామూలు, మామూలు కన్నా ఎక్కువ అని మూడు గడులు పెట్టుకుని, ఈసారి మూడో గడిలో పడే అవకాశం ఎంతో చెబుతుంది. ఎన్ని డిగ్రీలు ఎక్కువో చెప్పదు, ఏ వారంలోనో చెప్పదు.

దుబాయ్‌లో ఆగస్టులో మామూలుగానే పగలు 41 అటుఇటు ఉంటుంది. దానికి ఒక డిగ్రీ కలిస్తే నీ ఒంటికి తెలియదు తమ్ముడూ. తేమ పెరిగితే మాత్రం గంటలో తెలుస్తుంది. అందుకని సైటు ఎంచుకునేటప్పుడు ఆ మ్యాపు పక్కన పెట్టి, సముద్రం ఎంత దూరంలో ఉందో చూసుకో.

ఈ గల్ఫ్ పేరుకే సముద్రం, సగటు లోతు 35 మీటర్లు. పళ్లెంలో నీళ్లు ఎండలో పెట్టినట్టే. ఆగస్టుకు పైనీరు 33, 34 డిగ్రీలకు చేరుతుంది. ఒడ్డున మధ్యాహ్నం నుంచి వీచే సముద్రపు గాలి పేరుకు చల్లగాలే, మోసుకొచ్చేది మాత్రం ఆవిరి.

లెక్క వేసి చూపిస్తాను. ఎడారిలో 46 డిగ్రీలు, తేమ 10 శాతం అనుకో. థర్మామీటర్ బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలి తగలనిస్తే అది 22 దగ్గర ఆగుతుంది. తీరంలో 37 డిగ్రీలు, తేమ 65 శాతం అనుకో. అదే తడి గుడ్డ 31 దగ్గర ఆగుతుంది. దీన్నే వెట్ బల్బ్ అంటారు. మన ఒళ్లు కూడా తడి గుడ్డ లాంటిదే, చెమట ఆరితేనే చల్లబడుతుంది. 46 కన్నా 37 ఎందుకు భారంగా ఉంటుందో మీ పెద్దాయన ఒంటికి తెలుసు, చెప్పడం రాక నవ్వాడు.

---

నీడకోసం | మే 27, మధ్యాహ్నం 1:20

అన్నా, చాలా బాగా చెప్పారు. ఒక్క డౌటు. నా ఫోన్‌లో తేమ తెల్లవారుజామున 80 శాతం, మధ్యాహ్నం 50 శాతం చూపిస్తుంది. అంటే మధ్యాహ్నమే నయం అనుకోవాలా?

---

గాలివాటం | మే 27, రాత్రి 8:50

అందరూ అక్కడే తప్పులో కాలేస్తారు. శాతం అంటే గాలిలో ఎంత ఆవిరి ఉందని కాదు, ఆ వేడిలో గాలి పట్టగలిగినదాంట్లో ఎంత వంతు నిండిందని. గాలి వేడెక్కితే గిన్నె పెద్దదవుతుంది. నీళ్లు అవే ఉన్నా శాతం తగ్గినట్టు కనిపిస్తుంది.

32 డిగ్రీల దగ్గర 80 శాతం, 40 డిగ్రీల దగ్గర 50 శాతం, ఈ రెండింటిలోనూ ఆవిరి దాదాపు ఒకటే. రెంటికీ డ్యూ పాయింట్, అంటే ఎంతకు చల్లబడితే ఆ ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలవుతుందో ఆ వేడి, 28 అటుఇటు వస్తుంది. నీ ఫోన్‌లో ఆ అంకె వెతుక్కో, కొన్ని యాప్‌లలో కిందికి జరిపితే కనిపిస్తుంది. నా అనుభవంలో డ్యూ పాయింట్ 20 లోపుంటే చొక్కా ఆరుతుంది. 24 దాటితే ఒంటికి అంటుకుంటుంది. 28 దాటిన రోజు ఊపిరి కూడా బరువుగా ఉంటుంది, ఆ రోజు వీరత్వం వద్దు. సౌదీ తీరంలోని దహ్రాన్‌లో 2003 జూలై 8న డ్యూ పాయింట్ 35 నమోదైంది. ప్రపంచంలో ఇప్పటికీ అందరూ చెప్పుకునే అంకె అది.

వెట్ బల్బ్ 35కు చేరితే నీడలో కదలకుండా కూర్చున్నా, ఎన్ని నీళ్లు తాగినా ఒళ్లు చల్లబడదు. ఇటీవలి ప్రయోగాల్లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకే అంతకన్నా చాలా ముందే కష్టం మొదలైంది. ఎమిరేట్స్‌లోని రస్ అల్ ఖైమా ఆ 35ను కాసేపు దాటి వచ్చిందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అది తీరమే, ఎడారి కాదు.

---

సేఫ్టీ టోపీ | మే 28, ఉదయం 5:30

సేఫ్టీలో పనిచేస్తాను కాబట్టి రూళ్ల గురించి రెండు మాటలు. 50 దాటితే సెలవు అన్న రూలు ఎమిరేట్స్‌లో లేదు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు వాట్సాప్‌లో తిప్పుతారు. ఉన్నది మధ్యాహ్నం విరామం: జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదు. తప్పితే కంపెనీకి మనిషికి 5,000 దిర్హాములు, ఎక్కువమంది ఉంటే 50,000 దాకా జరిమానా. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 12:30 నుంచి 3:30. కువైట్‌లో అవే నెలలు, పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా. సౌదీలో జూన్ 15 నుంచి మూడు నెలలు, 12 నుంచి 3. బహ్రెయిన్ ఇంతకాలం రెండు నెలలే ఇచ్చేది, ఈ ఏడు నుంచి మూడు.

ఖతర్ ఒక్కటే వేరు. అక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి 3:30 విరామం ఉంటుంది, దానికి తోడు 2021 నుంచి ఇంకో లెక్క పెట్టారు. వేడి, తేమ, ఎండ, గాలి కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ మీటరు 32.1 దాటితే, తేదీ ఏదైనా, గంట ఏదైనా పని ఆపాలి. నన్నడిగితే సరైన పద్ధతి అదే. మొన్న 51.6 వచ్చింది మే 24న. క్యాలెండర్ ప్రకారం ఆ రోజు విరామమే లేదు! ఎండకు క్యాలెండర్ చదవడం రాదు కదా.

---

థర్మామీటర్ | మే 28, ఉదయం 9:12

సరే, సెలవు రూలు లేదని ఒప్పుకుంటున్నా. 57 మాత్రం నా కళ్లతో చూశాను.

---

ట్యాంకర్ స్టీరింగ్ | మే 28, ఉదయం 9:40

చూసింది నిజమే అన్నా. మీ బానెట్ వేడి అది.

---

సలాలా చినుకు | మే 28, సాయంత్రం 7:05

మీ మాటలు వింటుంటే నాకు కొంచెం సిగ్గుగా ఉంది. నేను ఒమన్ సలాలాలో నర్సుని. ఇంకో నెల పోతే మాకు ఖరీఫ్ మొదలవుతుంది. పంట కాదండోయ్, ఇక్కడ ఖరీఫ్ అంటే వాన కాలం. జూన్ మూడో వారం నుంచి సెప్టెంబర్ మూడో వారం దాకా కొండలన్నీ పచ్చగా అయిపోతాయి, పగలు 25, 26 డిగ్రీలు. దుబాయ్ నుంచి, సౌదీ నుంచి జనం కార్లేసుకుని వచ్చేస్తారు. రోడ్డు మీద పొగమంచులో ముందు బండి కనిపించదు. మాకు ఆ నెలల్లో వడదెబ్బ కేసులు కాదు, యాక్సిడెంట్ కేసులు వస్తాయి.

విచిత్రం ఏమిటంటే, కొండ దాటి 80 కిలోమీటర్లు లోపలికి తుమ్రైత్ వెళితే మళ్లీ పచ్చి ఎడారే. ఒక్క చినుకు ఉండదు. ఎందుకలా జరుగుతుందో గాలివాటం అన్నయ్య చెబితే వినాలనుంది.

---

గాలివాటం | మే 28, రాత్రి 9:30

సిగ్గెందుకమ్మా, అదృష్టం.

మనకు వానలు తెచ్చే నైరుతి గాలులే మీ తీరం వెంట కూడా రాసుకుంటూ పోతాయి. అలా పోతూ పైనీటిని సముద్రంలోకి నెట్టేస్తాయి. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. తడిగాలి ఆ చల్లటి నీటి మీదుగా వచ్చి పొగమంచై, జోఫార్ కొండలకు తగిలి తుంపరగా రాలుతుంది. పైన మాత్రం ఎడారి నుంచి వచ్చిన వేడి పొడిగాలి మూతలా కూర్చుంటుంది. అందుకే మేఘం పైకి పెరగదు. ఉరుములుండవు, జడివాన ఉండదు, రోజంతా చినుకే. కొండ ఎత్తు దాటలేని మంచు అవతలివైపు ఏం చేస్తుంది? ఏమీ చేయదు. అందుకే తుమ్రైత్ తుమ్రైతే.

ఈసారి నైరుతి మే 24నే కేరళ తాకింది, 2009 తర్వాత ఇంత తొందరగా రావడం ఇదే. సీజన్‌లో మామూలు కన్నా ఎక్కువ వాన, 106 శాతం అని నిన్న భారత వాతావరణ శాఖ చెప్పింది. మన దగ్గర వాన బాగా పడితే ఇక్కడ కూడా చల్లబడుతుందని చాలామంది ఆశపడతారు. గల్ఫ్ వైపు అది తిరగబడుతుంది. ఇండియా మీద పైకి లేచిన గాలి పడమటి వైపు ఎక్కడో కిందికి దిగాలి కదా. దిగే గాలి వేడెక్కుతుంది, మేఘాన్ని పుట్టనివ్వదు. అక్కడ వాన కురవడమే ఇక్కడ ఆకాశం పొడిగా ఉండడానికి ఒక కారణం.

---

కువైట్ దుమ్ము | మే 29, ఉదయం 7:00

మా సంగతి కూడా రాయండి. ఇంటి డ్రైవరుగా పద్నాలుగేళ్లు. కువైట్‌లో తీరం, ఎడారి అన్న తేడా పెద్దగా ఉండదు, వాయవ్యం నుంచి షమాల్ లేచిందంటే అంతా ఎడారే. జూన్, జూలైలో ఆగకుండా వీస్తుంది. జూలైలో పగలు 46, 47 మాకు మామూలు. కానీ చెమట కనిపించదు, చొక్కా మీద ఉప్పు గీతలు మాత్రం మిగులుతాయి. ఆగస్టులో ఆ గాలి ఆగిపోయి ఆగ్నేయం నుంచి కౌస్ గాలి మొదలవుతుంది చూడండి, అద్దాలు బయటివైపు చెమరుస్తాయి. అప్పుడు షమాల్ దుమ్మే నయమనిపిస్తుంది. దుమ్మును తిట్టుకుంటూ దుమ్ము కోసం ఎదురుచూడడం, ఇదీ మా బతుకు.

బాత్రూమ్ చిట్కా ఒకటి. కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు కాగిపోయి ఉంటాయి, చన్నీళ్ల కుళాయి తిప్పితే ఒళ్లు కాలుతుంది. మే నెలలోనే గీజర్ స్విచ్ ఆపేయండి. గీజర్ గది లోపల నీడలో ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్లు చల్లబడతాయి. వేడినీళ్ల కుళాయి తిప్పి చల్లగా స్నానం చేయండి.

---

నీడకోసం | మే 29, ఉదయం 7:25

ఈ చిట్కా ఒక్కటి చాలు, రెండేళ్లు వేస్టు చేసుకున్నాను 😀

---

రాత్రి డ్యూటీ | మే 29, సాయంత్రం 4:48

మస్కట్ నుంచి. తుఫాన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2007 జూన్‌లో గోను వచ్చినప్పుడు మా మామయ్య ఇక్కడే ఉన్నాడు, ఇప్పటికీ చెబుతాడు. ఈ ఏడు భయం ఉందా?

ఇంకోటి, రాత్రి చల్లబడుతుందన్న నమ్మకం మాకు లేదు. 2018 జూన్ 26న మా పక్కనే ఖురియాత్‌లో 24 గంటల్లో అత్యల్పమే 42.6 డిగ్రీలు. అత్యధికం కాదు, అత్యల్పం!

---

గాలివాటం | మే 29, రాత్రి 10:10

ఖురియాత్ సముద్రం ఒడ్డునే ఉంది. కానీ ఆ రోజుల్లో గాలి సముద్రం నుంచి రాలేదు, ఎడారి నుంచి హజర్ కొండలెక్కి ఇటు దిగింది. కొండ దిగే గాలి నొక్కుకుపోయి ఇంకా వేడెక్కుతుంది. నీడకోసం తమ్ముడూ, నువ్వూ విను: తీరంలో ఉన్నంతమాత్రాన సముద్రపు గాలి వస్తుందని హామీ లేదు. ఎడారి వైపు నుంచి గాలి గట్టిగా తోస్తే సముద్రపు గాలి ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు తీరమే ఎడారిని మించుతుంది. ఎమిరేట్స్ రికార్డు 52.0 కూడా ఇసుకలో రాలేదు, 2010లో అల్ యాసాత్ అనే దీవిలో వచ్చింది.

తుఫాన్లకు అరేబియా సముద్రంలో రెండు కిటికీలు: మే, జూన్ మొదట్లో ఒకటి, సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ దాకా ఇంకొకటి. నడిమధ్యలో నైరుతి గాలులు కిందొక వేగంతో, పైన వేరే దిక్కులో వీస్తాయి, తుఫాను తల ఎత్తితే విరిచేస్తాయి. ఈ మే 24న లేచిన వాయుగుండం రత్నగిరి వైపు తీరం దాటింది, గల్ఫ్ వైపు రాలేదు. 2021 గుర్తుందా? కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్, దేశమంతా అడ్డంగా నడిచి అరేబియాలో దిగి, షహీన్ అని పేరు మార్చుకుని అక్టోబర్ 3న ఒమన్ బాతినా తీరాన్ని కొట్టింది. అక్కడ వాళ్లను ముంచి, ఇక్కడ మనవాళ్లను వెతుక్కుంటూ వచ్చింది.

---

మోడరేటర్ | మే 30, ఉదయం 8:00

ట్రాఫిక్ సిగ్నల్ కరిగిపోయిన ఫోటో పెట్టిన పోస్టు తీసేశాను. ప్రతి ఎండాకాలం కొత్త ఊరి పేరుతో అదే ఫోటో తిరుగుతోంది.

---

నీడకోసం | మే 30, మధ్యాహ్నం 12:15

సుయిహాన్ వైపు అని చెప్పేశాను. ఫోర్‌మన్ నన్ను వింతగా చూశాడు. అందరూ రువైసే అడిగారట.

---

సేఫ్టీ టోపీ | మే 30, మధ్యాహ్నం 12:40

మంచిది. కానీ ఎడారి దొంగ దెబ్బ తీస్తుంది, గుర్తుపెట్టుకో. తీరంలో చెమట కారుతుంటే నీకే తెలుస్తుంది, తాగుతావు. ఎడారిలో పుట్టిన చెమట పుట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగా ఉంది కదా, చెమట పట్టలేదు కదా అనుకుంటావు. అప్పటికే లీటర్లు పోయి ఉంటాయి. దాహం వేసేదాకా ఆగొద్దు, పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు. ఉత్త నీళ్లే గటగటా తాగితే ఉప్పు పలచబడి అదో సమస్య. మధ్యలో ఓఆర్‌ఎస్, ఉప్పు వేసిన లబాన్ (ఇక్కడి మజ్జిగ) లాంటివి ఉండాలి. మూత్రం రంగు చూసుకో, టీ రంగుకొస్తే పని ఆపి చెప్పు. మొదటి వారం, పది రోజులు ఒంటికి అలవాటు కావాలి, ఆ రోజుల్లో పోటీలు పడకు. వడదెబ్బ తగిలినవాళ్లలో కొత్తవాళ్లనే ఎక్కువగా చూశాను.

పక్కవాడు తడబడుతూ మాట్లాడినా, సంబంధం లేకుండా కోప్పడినా వాడికి పొగరు అనుకోవద్దు. అది మెదడుకు తగిలిన ఎండ. నీడకు లాగి, బట్టలు వదులు చేసి, నీళ్లు పోసి గాలి విసురుతూ అంబులెన్స్ కోసం 998కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు.

---

నీడకోసం | జూన్ 21, రాత్రి 9:02

మూడు వారాలైంది. చెప్పినవన్నీ నిజమే, ఒక్కటి పాటించక దెబ్బతిన్నాను. పదకొండో రోజు "నాకు అలవాటైపోయింది" అనుకుని పొద్దున్నుంచి ఒక్క బాటిలే తాగాను. చొక్కా పొడిగానే ఉంది. పదకొండింటికి రెండు పిక్కలూ పట్టేసి నిచ్చెన మీదే ఆగిపోయాను, దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. సేఫ్టీ అన్న రాసింది గుర్తొచ్చి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఇక్కడ షమాల్ రోజూ పది గంటలకల్లా మొదలవుతోంది. రేకు పట్టుకుంటే తెరచాపలా లాగేస్తోంది. కానీ రాత్రిళ్లు నిద్ర పడుతోంది. తెల్లవారుజామున బయట కూర్చుంటే ఒళ్లు ఆరుతోంది.

---

కువైట్ దుమ్ము | జూన్ 21, రాత్రి 9:30

ఏసీ ఫిల్టర్ వారానికోసారి కడుగు తమ్ముడూ. నువ్వు ఏసీ వాడివే అయినా చెబుతున్నా, మన సొంత ఏసీ మనకు గుర్తుండదు.

---

ట్యాంకర్ స్టీరింగ్ | జూలై 19, రాత్రి 11:50

రువైస్ రోడ్డు మీద ఉన్నాను. బండి బయట 35, డ్యూ పాయింట్ 29 చూపిస్తోంది. గాలివాటం అన్న పుణ్యమా అని ఈ అంకె చూడడం అలవాటైంది, చూడకపోయినా బాగుండేది. గాలి కదలడం లేదు. ఇక్కడి పిల్లలు రాత్రి షిఫ్టు కోరుకుని ఇప్పుడు బాధపడుతున్నారు. ఎండ ఒక్కటే ఉండదు, మిగతాదంతా పగలే.

---

నీడకోసం | ఆగస్టు 2, ఉదయం 6:40

నిన్న శుక్రవారం సుయిహాన్ 51.8. వార్త ఇంట్లో వాళ్లు కూడా చూసి ఫోన్ల మీద ఫోన్లు. నిన్న సెలవు, రూమ్‌లోనే ఉన్నాను అని చెప్పినా నమ్మలేదు.

అన్నా, మే కన్నా ఇప్పుడు 0.2 ఎక్కువ అంతే కదా. మరి ఇప్పుడే ఎందుకు ఎక్కువ కష్టంగా ఉంది?

---

గాలివాటం | ఆగస్టు 2, రాత్రి 8:15

మేలో సముద్రం ఇంకా చల్లగా ఉంది. ఇప్పుడు కాగింది. సుయిహాన్ లోపలే అయినా, షమాల్ మెత్తబడితే సాయంత్రానికి సముద్రపు గాలి అక్కడిదాకా నడిచొస్తుంది. రాత్రి ఏడెనిమిదింటికి గాలి ఒక్కసారి దిక్కు మారి, చల్లగా అనిపించి, అరగంటకే జిడ్డుగా అయితే, వచ్చింది అదే. మొన్న నేను తీరం, ఎడారి అని గీత గీసి చెప్పాను గానీ, ఆగస్టులో ఆ గీత రోజూ సాయంత్రం లోపలికి జరుగుతుంది. అది నేను ముందే చెప్పాల్సింది.

ఇంకొకటి. ఈ నెలలో అల్ ఐన్, హజర్ కొండల వైపు మధ్యాహ్నం మబ్బు లేస్తుంటుంది. తూర్పు నుంచి తడిగాలి, ఇటు సముద్రపు గాలి కొండ దగ్గర ఢీకొంటే గంటలో ఉరుము, వడగళ్లు కూడా పడొచ్చు. వాన మీ దాకా రాకపోయినా దాని ముందు నడిచే దుమ్ము గోడ వస్తుంది. తూర్పున ఆకాశం గోధుమ రంగుకు తిరిగితే నిచ్చెన దిగు, రేకులు కట్టేయించు.

---

సలాలా చినుకు | ఆగస్టు 9, సాయంత్రం 5:30

ఇక్కడ పదిహేను రోజులుగా సూర్యుడు కనిపించలేదు, బట్టలు ఆరడం లేదు. కంప్లయింట్ చేయకూడదని తెలుసు. అయినా చేస్తున్నాను.

---

రాత్రి డ్యూటీ | ఆగస్టు 9, సాయంత్రం 5:52

అక్కా, మా దగ్గరికి పంపించండి, ఐదు నిమిషాల్లో ఆరతాయి.

---

కువైట్ దుమ్ము | ఆగస్టు 24, రాత్రి 8:20

ఈ రోజు నుంచి సుహైల్ అని మా ఇంటి పెద్దాయన అంటున్నాడు. తెల్లవారుజామున ఆగ్నేయం మూలన కిందుగా ఆ చుక్క కనిపిస్తే ఎండాకాలం నడుం విరిగినట్టే అని అరబ్బుల లెక్క. రాత్రికి రాత్రి చల్లబడదు, ఉక్కపోత ఇంకో నెల ఉంటుంది. కానీ ఆయన ముఖంలో అప్పుడే తేడా వచ్చింది, ఎడారిలో టెంటు సామాను సర్దమన్నాడు.

---

నీడకోసం | ఆగస్టు 25, ఉదయం 5:10

అలారం పెట్టుకుని నాలుగింటికి లేచి వాటర్ ట్యాంక్ ఎక్కి చూశాను. మా రూమ్ పెద్దాయనను కూడా ఫోన్లో లేపాను, ఆయనిప్పుడు రువైస్ సైటులో ఉన్నాడు. నాకు దుమ్ము, ఆయనకు పొగమంచు. ఇద్దరికీ చుక్క కనబడలేదు. రేపు మళ్లీ చూస్తాం.